పాట కింద పేరు ఎవరిది?

హైదరాబాద్ అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల చేతుల్లో తిరిగే ప్రాక్టీసు బిట్లలో 'కింది పాటలను వాటి రచయితలతో జతపరచండి' అనే ప్రశ్న మామూలే. ఎడమవైపు వరసలో 'బండెనక బండి కట్టి' ఉంటే, కుడివైపు గద్దర్ పేరు కోసం కళ్లు వెతుకుతాయి. ఆయన గొంతులో తప్ప ఇంకో గొంతులో ఆ పాటను ఊహించుకోలేని తరం ఇది. బి.నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి'లో తెర మీద కనిపించి ఆ పాట పాడింది ఆయనే. కానీ రాసింది ఆయన కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన బండి యాదగిరి కట్టిన పాట అది.

ఈ ఒక్క బిట్టుకు జవాబు సరిచూసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. రెండు తేదీలు పక్కపక్కన పెడితే చాలు. సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. గద్దర్ పుట్టింది 1949లో. నైజాము సర్కారును ఎదురుగా నిలబెట్టి నిలదీసే పాటను, ఆ సర్కారు కూలిపోయిన మరుసటి ఏడాది పుట్టిన మనిషి రాశాడనడం పొసగదు. అదే సినిమాలోని 'పల్లెటూరి పిల్లగాడా' కూడా అంతే. సినిమా కంటే చాలా ముందే సుద్దాల హనుమంతు రాసి, ఊరూరా పాడించిన పాట అది.

గద్దర్ ఆ పాట తనదని చెప్పుకున్నందువల్ల వచ్చిన పొరపాటు కాదిది. విన్నవాళ్లు గొంతును బట్టి పాటను గుర్తుపెట్టుకుంటారు. క్యాసెట్ల కాలంలో అట్ట మీద గాయకుడి పేరు పెద్దక్షరాల్లో ఉండేది, రచయిత పేరు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. ఆ క్యాసెట్టు ఫైలుగా మారి ఫోన్లలోకి చేరేసరికి మిగిలింది ఒక్క పేరే. ఇప్పుడు పాటలకు స్వరాలు రాసి, స్కాన్ చేసి, నలుగురూ వాడుకునేలా ఉమ్మడి భాండాగారాల్లో పెడుతున్నారు. ప్రతి పాట దగ్గరా 'కర్త' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా కనిపిస్తే ఎవరికీ ఊరుకోబుద్ధి కాదు. అక్కడే చిక్కు మొదలవుతుంది.

లోయర్ ట్యాంక్‌బండ్ దిగి చిక్కడపల్లి వైపు వస్తే, ఈ చిక్కు రెండు రూపాల్లో కనిపిస్తుంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. దశాబ్దాలుగా అక్కడ కచేరీలు, నృత్య ప్రదర్శనలు, సాహిత్య సభలు నడుస్తున్నాయి. నారాయణగూడ దాటి రామ్‌కోటి వెళితే త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. ఇటు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. తెలంగాణ పోరాట చరిత్ర రాసిన పుచ్చలపల్లి సుందరయ్య పేరు మీద వెలసిన ఆ సంస్థ గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు భద్రంగా ఉన్నాయి. మధ్యలో సిటీ సెంట్రల్ లైబ్రరీ. ఒక పక్క కీర్తనలు, ఇంకో పక్క ఉద్యమ గీతాలు. ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో పాత వరుసకు కొత్త మాటలు కట్టి పాడే కళాకారులు వీటికి తోడు. అందరినీ వేధించే ప్రశ్న మాత్రం ఒకటే: పాట పుట్టింది ఎవరి నుంచి?

నిజానికి ఆ 'కర్త' గడిలో ఒక్కరు కాదు, ముగ్గురు దాక్కుని ఉంటారు. మాటలు రాసినవారు ఒకరు. వరుస కట్టినవారు ఒకరు. ఆ వరుసను స్వరాల్లో కాగితం మీద పెట్టినవారు మరొకరు. త్యాగరాజు లాంటి వాగ్గేయకారుల విషయంలో మొదటి ఇద్దరూ ఒక్కరే. అందరి విషయంలో అలా కాదు.

అన్నమాచార్యుల సంగతే చూడండి. ఆయన 1408 నుంచి 1503 దాకా జీవించారు. తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు పడి ఉన్నాయి. రెండు వేలకు పైగా ఉన్న ఆ రేకులు 20వ శతాబ్దం మొదట్లో వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు వాటిని పరిష్కరించి అచ్చు వేయించారు. రేకు మీద పాట ఉంటుంది, దాని తల మీద రాగం పేరు ఉంటుంది. స్వరం మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు. అంటే సాహిత్యం అన్నమయ్యదని రాగిరేకు సాక్ష్యం చెబుతుంది కానీ, ఆయన దాన్ని ఏ వరుసలో పాడుకున్నారో చెప్పదు.

ఈ రోజు మనం వింటున్న వరుసలు రాళ్లపల్లి, బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివారు కట్టినవి. 'నానాటి బతుకు' అనగానే చెవిలో మోగే రేవతి రాగం నేదునూరి చలవ. ఆ పాటకు స్వరం రాసి, కింద 'కర్త: అన్నమాచార్యులు' అని ఊరుకుంటే అది సగం నిజం. 15వ శతాబ్దపు వరుస ఇది అని చదివేవాళ్లు అనుకుంటారు. నేదునూరి పేరు మాయమైపోతుంది.

ఇందులో మర్యాదతో పాటు చట్టమూ ఉంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం మాటలను, సంగీతాన్ని వేర్వేరు రచనలుగా చూస్తుంది. వరుస కట్టినవారే సంగీతానికి కర్త. వారు దాన్ని స్వరాల్లో రాసిపెట్టినా, పెట్టకపోయినా ఆ హక్కు పోదు. కర్త జీవించినంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. నేదునూరి 2014లో కన్నుమూశారు. కాబట్టి 'అయిదువందల ఏళ్ల నాటి పాట, ఎవరి అనుమతీ అక్కర్లేదు' అనే మాట సాహిత్యానికి చెల్లుతుంది కానీ, నిన్నమొన్నటి వరుసకు చెల్లదు.

మరి ముద్ర ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. చివరి చరణంలో వాగ్గేయకారుడు వదిలి వెళ్లే సంతకమే ముద్ర. దాన్ని చూసి కర్తను పట్టేయొచ్చు అనేది సంగీతం క్లాసులో మొదటి ఏడాదే చెప్పే సూత్రం. సూత్రం మంచిదే గానీ దానికి మినహాయింపులు మెండు.

'వేంకటేశ' అని వినబడిందనుకుందాం. అన్నమయ్యదే అని చెప్పగలమా? ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు కూడా ఆ స్వామి పేరునే పాటలో నిలిపారు. ఎవరి రేకులు ఎవరివో విడివిడిగా గుర్తించి ఉండబట్టి గానీ, ముద్ర ఒక్కటే చూస్తే తాతామనవళ్లను వేరు చేయలేం. మూడు శతాబ్దాలు ముందుకు వస్తే, త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్యర్‌దీ 'వేంకటేశ' ముద్రే. ఆయన శిష్యుడు పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్‌దీ అదే. కదనకుతూహలంలో 'రఘువంశ సుధాంబుధి' కట్టిన పట్నం ఈయనే. 'వేణుగోపాల' ముద్రకూ ఇదే గతి. కార్వేటినగరం సారంగపాణి పదాల్లోనూ అది కనిపిస్తుంది, తిరువొత్తియూర్ త్యాగయ్యర్ రచనల్లోనూ కనిపిస్తుంది.

అన్నిటికన్నా జనం తడబడేది 'త్యాగరాజ' అన్న మాట దగ్గర. తిరువయ్యారు త్యాగరాజస్వామి తన పేరునే ముద్రగా పెట్టుకున్నారు. అయితే తిరువారూరు గుళ్లో కొలువైన శివుడి పేరు కూడా త్యాగరాజే. ముత్తుస్వామి దీక్షితులు ఆ దేవుడి మీద వరసగా కృతులు రచించారు. వాటిలో 'త్యాగరాజ' అనేది దేవుడి పేరు. దీక్షితుల సంతకం 'గురుగుహ'. సంస్కృతంలో నడిచే అలాంటి కృతిని ఆ మాట ఒక్కటే పట్టుకొని త్యాగరాజ కృతుల జాబితాలో వేస్తే, పాట ఇల్లు మారిపోయినట్టే.

ముద్ర అరువు కూడా తెచ్చుకోవచ్చు. గొప్పవారి పేరు తగిలిస్తే పాటకు విలువ పెరుగుతుందని తమ రచనలో ఆ పేరు చొప్పించినవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. భక్తి మీరి, ఆ మహానుభావుడికే అంకితమని పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇక భద్రాచల భజన మండళ్లలో రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న కీర్తనల పక్కనే, గుంటూరు నుంచి వచ్చి రాముడి సేవలో గడిపిన తూము నరసింహదాసు కీర్తనలూ పాడుకుంటూ వచ్చారు. రాముడు ఒక్కడే, కొండ ఒక్కటే, భక్తి ఒక్కలాంటిదే. నోటి నుంచి నోటికి వెళ్లేటప్పుడు ఒక దాసు పాట ఇంకో దాసు ఖాతాలో పడటానికి ఎంతసేపు?

పాట మొదటి మాట చూసి వెతికేవాళ్లకు ఇంకో గండం ఉంది. 'చలమేల' అనే వర్ణం కావాలని ఎవరైనా అడిగితే, 'ఏ చలమేల?' అని ఎదురు అడగాలి. శంకరాభరణంలో అటతాళ వర్ణం ఒకటి ఉంది, అది స్వాతి తిరునాళ్ పేరు మీద ఉంది. నాటకురంజిలో ఒకటి, మూలైవీట్టు రంగస్వామి నట్టువనార్‌ది. దర్బారులో ఇంకొకటి, తిరువొత్తియూర్ త్యాగయ్యర్‌ది. 'నిన్ను కోరి' కూడా అంతే. మోహన రాగంలో పిల్లలంతా నేర్చుకునేది పూచి శ్రీనివాస అయ్యంగార్‌ది. వసంత రాగంలోది తచ్చూరు సింగరాచార్యులుది. పేరు మాత్రమే టైపు చేసి వెతికి, మొదట కనిపించిన కర్త పేరును తెచ్చి తన కాగితం మీద అతికిస్తే, ఒకరి పిల్లకు ఇంకొకరి ఇంటిపేరు పెట్టినట్టవుతుంది. రాగం, తాళం, మొదటి ఆవర్తనం స్వరాలు, ఈ మూడూ కలిస్తేనే పాట గుర్తింపు పూర్తవుతుంది.

సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ దాటి వచ్చే పాట ఒకటుంది. సరళీ జంట వరసలు, అలంకారాలు అయ్యాక మలహరి రాగంలో వినాయకుడి గీతం 'శ్రీ గణనాథ' చెబుతారు. నోటుపుస్తకంలో దాని పక్కన 'పురందరదాసు' అని రాయిస్తారు. కర్ణాటక సంగీతం నేర్పే పద్ధతిని తీర్చిదిద్దిన పితామహుడిగా పురందరదాసుకు పేరు, 'శ్రీ గణనాథ'తో మొదలయ్యే పిళ్లారి గీతాలు ఆయనవేనని సంప్రదాయం. ఇప్పుడు పుస్తకం తెరిచి రెండు గీతాలు పక్కపక్కన పెట్టి చూడండి. అదే మలహరిలో ఉన్న 'కెరెయ నీరను' కన్నడంలో ఉంది, చివర పురందరవిఠలుడి ముద్ర ఉంది. 'శ్రీ గణనాథ'లో మొదటి నుంచి చివరి దాకా వెతికినా ఆ ముద్ర కనబడదు. అందువల్ల అది ఆయనది కాదని తేల్చడం తొందరపాటే అవుతుంది. కానీ ఆ రెండు గీతాలకూ ఉన్న సాక్ష్యం ఒక్క స్థాయిలోది కాదు. ఒకదాని పక్కన 'పురందరదాసు' అని నేరుగా రాయొచ్చు. రెండో దాని పక్కన 'పురందరదాసుదని సంప్రదాయం' అని రాయడమే సబబు.

ఇలాంటిది పడమటి సంగీతంలోనూ జరిగింది. పియానో నేర్చుకునే పిల్లలంతా వాయించే జి మేజర్ మినుయెట్‌ను రెండు శతాబ్దాలకు పైగా బాఖ్ రచనగానే అనుకున్నారు. కారణం, అది బాఖ్ భార్య అన్నా మగ్దలేనా కోసం 1725లో మొదలుపెట్టిన సంగీతపు నోటుపుస్తకంలో ఉండటం. ఇంట్లోవాళ్లు తమకు నచ్చిన ఇతరుల రచనలు కూడా అందులో రాసుకున్నారు. 1970లలో పరిశోధకులు దాని అసలు కర్త క్రిస్టియన్ పెట్జోల్డ్ అని తేల్చారు. ఎవరి పుస్తకంలో దొరికితే పాట వారిదే అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది. మన ఇళ్లలోని అమ్మమ్మల పాటల పుస్తకాలకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

సరే, నమ్మదగిన ఆధారం ఏది? తెలుగువాళ్ల అదృష్టం ఏమిటంటే, కర్ణాటక సంగీతానికి సంబంధించిన తొలి అచ్చు పుస్తకాల్లో ముఖ్యమైనవి తెలుగు లిపిలోనే వచ్చాయి. 19వ శతాబ్దం చివర మద్రాసులో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు 'గాయక పారిజాతము' లాంటి పుస్తకాలు అచ్చు వేశారు. 1893లో ఎ.ఎం.చిన్నస్వామి ముదలియార్ త్యాగరాజ కృతులను పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించి ప్రచురించారు. మన కీర్తన అయిదు గీతల మీదికి ఎక్కిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. ఆయన ప్రోద్బలం వల్లే ముత్తుస్వామి దీక్షితుల కుటుంబానికి చెందిన సుబ్బరామ దీక్షితులు తన దగ్గరున్న సంపదను బయట పెట్టడానికి ఒప్పుకున్నారు. అలా 1904లో ఎట్టయపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడింది. తమిళనాట, తెలుగు లిపిలో, గమకాలకు ప్రత్యేకమైన గుర్తులతో వచ్చిన మహాగ్రంథం అది.

ముత్తుస్వామి దీక్షితుల కృతుల విషయంలో ఆ పుస్తకం నేటికీ గీటురాయి. అందులో ఆయనవి 229 కృతులున్నాయి. తర్వాతి కాలంలో కల్లిడైకురిచ్చి సుందరమయ్యర్ ప్రచురణల ద్వారా ఇంకా చాలా కృతులు ఆయన పేరు మీద వెలుగులోకి వచ్చాయి. వాటిలో ఎన్ని అసలైనవన్న చర్చ పండితుల్లో నడుస్తూనే ఉంది. ఒక కృతి 'ప్రదర్శిని'లో ఉందా లేదా అన్నదే ఆ చర్చలో మొదటి ప్రశ్న. లేకపోతే ఏ శిష్య పరంపర నుంచి వచ్చింది, మొదట ఎప్పుడు అచ్చయింది, భాష, ప్రాస, రాగ లక్షణం ఆయన తీరుకు సరిపోతున్నాయా అని చూస్తారు.

త్యాగరాజు దగ్గరికి వస్తే శిష్య పరంపరలే దిక్కు. వాలాజాపేట, ఉమయాల్‌పురం, తిల్లైస్థానం అని మూడు శిష్య శాఖలు ఆయన కృతులను కాపాడాయి. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆయన వంశంవారు రాసుకున్న ప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. ఒకే కృతి మూడు శాఖల్లోనూ ఉంటే నమ్మకం గట్టిపడుతుంది. ఎక్కడా లేకుండా 20వ శతాబ్దపు పుస్తకంలో హఠాత్తుగా ఊడిపడితే అనుమానించాల్సిందే. నోటి పరంపర కూడా సాక్ష్యమే, కాకపోతే ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి వచ్చిందో చెప్పగలగాలి.

ఆ గొలుసు తెగిందనే అనుమానం వస్తే ఎంత రభస జరుగుతుందో 1980లలో సంగీత లోకం చూసింది. తిరువాన్కూరు రాజు స్వాతి తిరునాళ్ పేరు మీద చలామణీ అవుతున్న రచనలు ఆయనవి కావని వీణ ఎస్.బాలచందర్ బహిరంగంగా వాదానికి దిగారు. తిరువాన్కూరు రాజు ఆస్థానంలో ఉన్న విద్వాంసుల రచనలు రాజు పేరు మీదికి వెళ్లాయా, 20వ శతాబ్దంలో విద్వాంసులు కట్టిన వరుసలను పాతవిగా చూపారా అనే ప్రశ్నలు పత్రికలకెక్కాయి. స్వాతి తిరునాళ్ పక్షాన కూడా పండితులు గట్టిగానే నిలబడ్డారు. మాటలు ఒకరివి, వరుసలు ఇంకొకరివి అన్న విషయాన్ని మొదటి నుంచీ స్పష్టంగా రాసి ఉంటే ఆ వాదంలో సగం పుట్టేదే కాదు.

జానపదాల దగ్గర లెక్క తలకిందులవుతుంది. అక్కడ ఉన్న కర్తను పోగొట్టుకోవడమే పెద్ద జబ్బు. 'మొక్కజొన్న తోటలో' పాటను పల్లెపదమనే చాలామంది అనుకుంటారు. దాన్ని రాసింది బందరు కవి కొనకళ్ల వెంకటరత్నం. ఆయన 'బంగారి మామ' పాటలు వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత గొంతుల్లో ఇంటింటికీ చేరాయి. 'మొక్కజొన్న తోటలో' 1969 నాటి 'అదృష్టవంతులు' సినిమాలో కె.వి.మహదేవన్ వరుసతో మళ్లీ జనంలోకి వెళ్లింది. పాట ఎంతగా జనం సొత్తయిందంటే, రాసిన కవి పేరే అడ్డు తొలగిపోయింది. కవికి అంతకన్నా గౌరవం ఏముందని అనొచ్చు. కానీ నొటేషన్ మీద 'జానపదం' అని రాసేస్తే, చరిత్రలోంచి ఒక మనిషిని కొట్టేసినట్టే కదా.

దీనికి తిరగేసిన ఉదాహరణ చందమామ పాట. గోరుముద్దలు తినిపిస్తూ ప్రతి తల్లీ పాడే ఆ పాటకు దగ్గరి రూపం అన్నమయ్య సంకీర్తనల్లో ఉంది. అంతమాత్రాన ఇంట్లో పాడుకునే పాటంతా అన్నమయ్యదేనా? సువ్వి, జాజర, గొబ్బి, లాలి, జోల లాంటి పల్లె బాణీలను ఆయనే స్వయంగా తన సంకీర్తనల్లోకి తీసుకున్నారు. జనం నుంచి ఆయనకు వచ్చిందెంత, ఆయన నుంచి జనానికి వెళ్లిందెంత అని గీత గీయడం కష్టం. ఇలాంటి చోట 'సంప్రదాయం. దీనికి దగ్గరి పాఠం అన్నమాచార్య సంకీర్తనల్లో ఉంది' అని రెండు వాక్యాలు రాస్తే చాలు. ఉన్న మాట చెప్పినట్టూ ఉంటుంది, లేనిది అంటగట్టినట్టూ ఉండదు.

బతుకమ్మ ఉయ్యాల పాటలకు, నాట్ల పాటలకు కర్త పేరు వెతకడం దండగే. అలాంటి వాటికి కావాల్సింది వేరే సమాచారం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు 1950లలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన ఈ రంగానికి పునాది. ఆ తోవలో నడిచినవారు నేర్పింది ఒక్కటే: పాటతో పాటు పాడినవారి పేరు, ఊరు, సందర్భం, రాసుకున్న తేదీ నమోదు చేయాలి. కర్త తెలియని పాటకు అదే జన్మపత్రం.

ఒక పాత పుస్తకంలోని పేజీ కోర్టులో సాక్ష్యం కాగలదని అమెరికాలో తేలింది. 'హ్యాపీ బర్త్‌డే' పాట వరుస 1893లో ప్యాటీ హిల్, మిల్‌డ్రెడ్ హిల్ అనే అక్కాచెల్లెళ్లు ప్రచురించిన పిల్లల పాట నుంచి వచ్చింది. పుట్టినరోజు మాటలు దానికి తర్వాత తోడయ్యాయి. వార్నర్ చాపెల్ సంస్థ ఆ పాట తనదని చెప్పి, దాన్ని సినిమాల్లో వాడుకున్నవారి దగ్గర ఏళ్ల తరబడి సొమ్ము వసూలు చేసింది. ఆ పాట మీద డాక్యుమెంటరీ తీస్తున్నవాళ్లు కోర్టుకెక్కారు. హక్కుల ప్రకటన లేకుండా అదే పాటను అచ్చు వేసిన 1922 నాటి పాఠశాల పాటల పుస్తకం ఒకటి కేసులో బయటపడింది. 2015లో కోర్టు ఆ సంస్థకు పాట మాటల మీద హక్కు లేదని చెప్పింది. మరుసటి ఏడాది కోటీ 40 లక్షల డాలర్ల రాజీకి కోర్టు ఆమోదం తెలిపింది. గ్రంథాలయంలో ఓ మూల ఉన్న బడిపిల్లల పుస్తకం కూడా ఆ కేసులో సాక్ష్యమైంది.

ఇలాంటి పాత ఆధారాలను పద్ధతిగా నమోదు చేసేవారూ ఉన్నారు. ప్రపంచమంతటి సంగీత రాతప్రతుల జాబితా తయారుచేసే 'రిజం' అనే సంస్థ 1952 నుంచి పనిచేస్తోంది. అక్కడ పాటలను పేరుతో పాటు తొలి స్వరాలతో కూడా గుర్తిస్తారు, కాబట్టి పేరు మారినా పాట దొరికిపోతుంది. కర్త పేరు పక్కన అది రుజువైనదా, ఊహా, సందేహాస్పదమా, తప్పుగా ఆపాదించినదా అని హోదా వేస్తారు. 2006లో మొదలై లక్షల సంగీత ప్రతులను ఉచితంగా అందిస్తున్న ఐఎంఎస్‌ఎల్‌పీ భాండాగారంలో అజ్ఞాత కర్తల రచనలకు, సంప్రదాయ గీతాలకు విడిగా చోటుంది. తెలియదు అని రాయడం అక్కడ చిన్నతనం కాదు.

మన స్వరపత్రాలకు కూడా ఈ పద్ధతి సులువుగా సరిపోతుంది. ఉదాహరణకు బాలమురళి పాడి అందరికీ అలవాటు చేసిన 'పలుకే బంగారమాయెనా'కు పత్రం రాస్తున్నారనుకుందాం. సాహిత్యం: భద్రాచల రామదాసు, ముద్ర ఉన్నది. వరుస: ఆనందభైరవి, బాలమురళీకృష్ణ గానం ద్వారా ప్రచారమైనది. స్వరం రాసినవారు: ఫలానావారు, ఫలానా రికార్డు విని, ఫలానా తేదీన. పాఠాంతరాలు ఉంటే అవీ. ఇంతే, నాలుగు వాక్యాలు. రేపు ఎవరికైనా పాత ప్రతి దొరికితే, ఏ మాట సరిదిద్దాలో సూటిగా తెలుస్తుంది. 'రామదాసు కీర్తన' అని రెండు మాటలు రాసి వదిలేస్తే, తప్పు ఎక్కడుందో కూడా తెలియదు.

ఉమ్మడి భాండాగారంలో ఒక్క తప్పు ఒక్కచోట ఆగదు. ఒక కాగితం చూసి పదిమంది రాస్తారు, ఆ పదీ చూసి 'పదిచోట్ల ఇలాగే ఉంది' అని పదకొండోవాడు రాస్తాడు. ఒకే తల్లికాగితం నుంచి పుట్టిన పది నకళ్లు పది సాక్ష్యాలు కావు, ఒక్క సాక్ష్యమే. కాబట్టి ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టడం కాదు, అన్నిటికన్నా పాతది ఏదో పట్టుకోవడం ముఖ్యం.

మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో రాసుకున్న పాటల పుస్తకం ఉంటే, స్కాన్ చేసే ముందు ఒక పని చేయండి. మొదటి పేజీ మీద ఆమె పేరు, ఊరు, ఆ పాటలు ఎవరి దగ్గర నేర్చుకుందో, దాదాపు ఏ సంవత్సరంలో రాసుకుందో పెన్సిలుతో రాయండి. పాటల పక్కన ఆమె రాసుకున్న పేర్లను దిద్దకండి, తప్పనిపించినా ఉన్నదున్నట్టు ఉంచండి. కర్త ఎవరో తెలియకపోతే 'సంప్రదాయం' అని రాయండి. ఊహించి మాత్రం పేరు పెట్టకండి.